అప్పునకు కాలదోషము – ఇల్లాలి సంతకము

అప్పు ఇంటికి వచ్చునపుడు చుట్టమువలె వచ్చును. వచ్చిన కొన్నాళ్ళకు ఇంటి పెత్తనము తానే చేయును. ఈ సంగతి మన పెద్దలెఱుగనిది కాదు. అప్పు చేసి పప్పుకూడు తినరాదను మాట మనము ఉగ్గుపాలతోడనే విన్నాము. అయినను పూర్వపు అప్పునకును నేటి అప్పునకును ఒక భేదము కలదు. పూర్వము అప్పు కావలసినవాడు షావుకారు వాకిట నిలువబడవలసి యుండెను. నలుగురి కన్నులబడుదునేమో యని సిగ్గుపడి సగము అక్కఱలు మానుకొనుచుండెను. నేడు షావుకారే అరచేతిలో ఇముడు బిళ్ళయై మన సంచిలోనికి వచ్చి కూర్చున్నాడు. దానినే క్రెడిట్ కార్డు అనుచున్నారు. అడుగవలసిన పని లేదు, సిగ్గుపడవలసిన పని లేదు. నెల తిరిగి లెక్క వచ్చినపుడుగాని అది అప్పని తోచదు.

సోదరీమణులారా! అప్పు చేయరాదని బోధించుటకు మేమీ వ్యాసము వ్రాయుట లేదు. ఆ బోధ మీకు మాకంటె బాగుగ తెలియును. చేసిన అప్పు తీర్పవలెననుటలోను మాకు సందేహము లేదు. కాని అప్పు అడుగుటకు ఒక గడువు, ఒక వేళ, ఒక మర్యాద కలవు. వానిని చట్టము నిర్ణయించినది. అవి తెలియని ఇల్లాలు భయముచే పెట్టిన ఒక్క సంతకముతో తనది కాని భారమును తన నెత్తిన వేసికొనగలదు. ఈ సంగతి మాకు గడచిన మార్గశిర మాసమున తెలిసివచ్చెను. తెలిసినది నలుగురికి తెలుపుటయే మా ఉద్దేశము.

మేముండునది అల్లూరి సీతారామరాజు జిల్లాలోని అరకులోయ ప్రాంతము. మావారు పాఠశాలలో ఉపాధ్యాయులు. మా ఇంటికి రెండిండ్ల ఆవల ఒక వితంతువు కాపురమున్నది. ఆమె కొండదొరల ఇంటి ఆడపడుచు. చదువను వ్రాయను నేర్చినది. ఆమె భర్త మావారితోపాటు పనిచేసి, వ్యాధిగ్రస్తుడై విశాఖపట్టణమున చికిత్స పొందుచు 2022 మే మాసమున గతించెను. ఇద్దరు పిల్లలు, వృద్ధురాలగు అత్త, కొంచెపాటి కాఫీతోట – ఇదియే ఆమె సంసారము.

అవి కాఫీపండ్లు కోయు దినములు. ఉదయము ఏడు గంటలైనను మంచు విడువలేదు. ఇద్దరు మనుష్యులు మోటారు సైకిలుపై వచ్చి, ఆమె వాకిట నిలిచి, చనిపోయిన భర్త పేరెత్తి బిగ్గరగ పిలిచిరి. ఆయన కార్డుపై లక్ష యేబదియెనిమిది వేల రూపాయలు రావలసియున్నవని చెప్పిరి. భర్తకు కార్డు కలదని ఆమె ఎఱుగును గాని బాకీ కలదని ఎఱుగదు. వచ్చినవారిలో ఒకడు మెత్తగ మాటలాడెను. రెండవవాడు సంతలో నలుగురి ఎదుట అడుగవలసివచ్చుననియు, పోలీసులు వత్తురనియు బెదరించెను. తుదకు మెత్తనివాడు ఒక కాగితము తీసి, "అమ్మగారూ, ఇందులో ఏమియు లేదు. మేము వచ్చి వెళ్ళినట్లు ఒక గుర్తు మాత్రమే. ఒక సంతకము పెట్టి, నేటికి వేయి రూపాయలిండు. మఱి మీ జోలికి రాము" అనెను.

ఆమె కలము చేతబట్టెను. అంతలో పొయ్యికడ కూర్చున్న అత్త లేచివచ్చి కోడలి చేయి పట్టుకొనెను. ఆ ముసలమ్మకు అక్షరము రాదు. "వద్దమ్మా, కాయితం మీద గుర్తు ఎయ్యొద్దు. మా అయ్య ఏలిముద్దరేసి మమ్మల్నందర్నీ ముంచేసినాడు. ముందు మేష్టారిని పిలు" అనెను. అట్లు మాకు పిలుపు వచ్చెను.

మేమిరువురమును పోయి ఆ కాగితమును చదివితిమి. అది వచ్చిపోయిన గుర్తు కాదు. "నా భర్త చేసిన బాకీని ఒప్పుకొనుచున్నాను, వడ్డీతో సహా నేను చెల్లింతును" అని ఇంగ్లీషున అచ్చువేయబడియుండెను. తేది వేయుటకు చోటు విడువబడియుండెను. మావారు వారిని గుర్తింపు చీటియు, బ్యాంకువా రిచ్చిన అధికారపత్రమును చూపుమనిరి. వారు చూపలేక, మఱల వత్తుమని వెడలిపోయిరి.

ఆనాటి సాయంకాలము ముసలమ్మ తన తండ్రి కథ చెప్పెను. ఉప్పునకును బట్టకును చేసిన కొలదిపాటి అప్పునకు ఆయన తెల్లకాగితముపై వ్రేలిముద్ర వేసెనట. ఏటేట పసుపు పంట వర్తకుని కొట్టునకు పోవుచుండెను. అప్పు మాత్రము తఱుగలేదు. కడకు ఆమె అన్నను వర్తకుని ఇంట గొత్తి పనికి పంపవలసివచ్చెను. గొత్తి యనగా అప్పునకై మనిషినే తాకట్టుపెట్టుట. తండ్రి కాగితములో ఎంత వ్రాయబడెనో ఆ ఇంట ఎవరికిని తెలియదు.

ఇట్టి కథలు ఈ కొండలలో ఇంటింటను కలవు. తూర్పుకనుమల చరిత్రలో అప్పుపత్రము కత్తికంటె ఎక్కువ కీడు చేసినది. మా అరకునకు నైరృతి దిక్కున గల రంపసీమలో 1879లో చెలరేగిన పితూరీకి కల్లుపన్నును మన్సబుదారు పీడనయు మాత్రమే కారణములు కావు. పల్లపుసీమ వర్తకులు కొండవారిచే అన్యాయపు ఒడంబడికలు వ్రాయించుకొని, వారికి తెలియని దూరపు కోర్టులలో దావాలు వేసిరి. ప్రతివాది రాకుండగనే డిక్రీలు పొంది, పశువులను పంటలను తోలుకొనిపోయిరి. ఈ డిక్రీల దుఃఖము ఆ పితూరీకి ఒక ముఖ్యకారణమని నాటి విచారణాధికారులే గుర్తించిరి.

తరువాత ప్రభుత్వము కన్ను తెఱచి 1917లో ఏజెన్సీ ప్రాంతముల వడ్డీని భూమి బదలాయింపును గూర్చి ఒక చట్టము చేసెను. దానినిబట్టి కొండజాతివారిపై ఏటికి నూటికి 24 రూపాయలకు మించి వడ్డీ చెల్లదు, చక్రవడ్డీ చెల్లదు, వడ్డీ మొత్తము ఎంత పెరిగినను అసలును మించరాదు. ఈ కడపటి నియమము మన ధర్మశాస్త్రములలోనిదే. అసలు ఇబ్బడియైన పిమ్మట వృద్ధి నిలిచిపోవలెనని స్మృతికారులు ఏనాడో చెప్పియున్నారు. స్వాతంత్ర్యానంతరము 1956లో గిరిజనులను వర్తకుల తూకముల నుండియు వడ్డీల నుండియు కాపాడుటకై గిరిజన సహకార సంస్థ ఏర్పడెను. 1960లో షెడ్యూల్డు ప్రాంతములలో వడ్డీవ్యాపారము చేయువారికి లైసెన్సు ఉండవలెనను నిబంధనయు, షెడ్యూల్డు తెగల ఋణవిమోచన నిబంధనయు వచ్చెను. 1976 నాటి చట్టము వెట్టిని రద్దుచేసి, వెట్టికి మూలమైన అప్పులును కొట్టివేయబడినవని ప్రకటించెను.

ఇన్ని కట్టుబాట్లు చేసిన కొండలలోనికి కార్డు నిశ్శబ్దముగ వచ్చెను. నెలకు నూటికి మూడు రూపాయల వడ్డీ యన్నచో సంతలోని ముసలమ్మ సైతము గుండెపై చేయివేసికొనును. బిల్లు పూర్తిగ చెల్లింపనిచో పెక్కు కార్డులపై పడు వడ్డీ అంతయో అంతకు మించియో ఉండును. ఏటికి నూటికి 30కి మించిన కార్డు వడ్డీ అన్యాయమని జాతీయ వినియోగదారుల కమిషను 2008లో చెప్పెను గాని, 2024 డిసెంబరులో సుప్రీముకోర్టు ఆ తీర్పును త్రోసివేసెను. బిల్లుపై 'కనీస మొత్తము' అని వేఱుగ ఒక చిన్న అంకె వ్రాసియుండును. దానిని చెల్లించినచో గడువు తప్పిన రుసుము పడదు. కాని మిగిలిన దానిపై వడ్డీ నడచుచునే యుండును. నెలనెల కనీసమే కట్టుచు అప్పు తీఱుచున్నదని మురియుట చిల్లికుండతో నీరు మోయుటయే.

ఇక గడువు సంగతి. పల్లెలలో ప్రోనోటుపై అప్పిచ్చినవారు మూడేండ్లు నిండవచ్చుసరికి నోటు తిరగవ్రాయుమనియో, నోటు వెనుక చెల్లు వేయుమనియో వచ్చుట మనమెఱిగినదే. అట్లు చేయనిచో నోటునకు కాలదోషము పట్టునందురు. దీనికి ఆధారము 1963 నాటి కాలపరిమితి చట్టము. ఆ చట్టమే కార్డు అప్పునకును వర్తించును. కార్డునకు ప్రోనోటు లేదు గనుక, కట్టవలసిన సొమ్ము గడువునకు కట్టక తప్పిన నాటినుండి మూడేండ్ల లోపల బ్యాంకు దావా వేయవలెను. గడువు దాటిన పిమ్మట వేసిన దావాను, ప్రతివాది ఆ మాట ఎత్తకున్నను, న్యాయాధిపతి తానుగా కొట్టివేయవలెనని చట్టము చెప్పుచున్నది. మహమ్మారి దినములలో కోర్టులు సాగనందున 2020 మార్చి 15 మొదలు 2022 ఫిబ్రవరి 28 వఱకు గల కాలమును ఈ లెక్కలో చేర్పరాదని సుప్రీముకోర్టు 2022 జనవరిలో ఆజ్ఞాపించెను. పాత బాకీల తేదీలు లెక్కించువారు దీనిని మఱువరాదు.

ఈ మూడేండ్లు మఱల మొదటినుండి మొదలగుటకు త్రోవలు కలవు. ఇదియే మనము ముఖ్యముగ తెలిసికొనవలసినది. గడువు లోపల 'బాకీ ఉన్నమాట నిజమే' యని వ్రాతమూలముగ ఒప్పుకొని సంతకము చేసినచో, సంతకము చేసిన నాటినుండి క్రొత్తగ మూడేండ్లు నడచును. గడువు లోపల కొంత సొమ్ము చెల్లించి, చెల్లించినట్లు మన చేతివ్రాతయో సంతకమో ఉన్నచో అప్పుడును అంతే. గడువు దాటిన పిమ్మట ఒట్టి ఒప్పుదలవలన గాని చిల్లర చెల్లింపువలన గాని చచ్చిన గడువు బ్రతుకదు. కాని 1872 నాటి కాంట్రాక్టు చట్టములో 25వ సెక్షను కలదు. కాలదోషము పట్టిన అప్పును చెల్లింతునని క్రొత్తగ వ్రాసి సంతకము చేసినచో, ఆ వాగ్దానము స్వతంత్రముగ నిలుచునని అది చెప్పుచున్నది. చచ్చిన అప్పు అట్లు క్రొత్తజన్మ మెత్తును.

మా పొరుగామె భర్త కడసారి బిల్లు కట్టినది 2022 ఏప్రిలున. కాగితము వచ్చినది మూడున్నరయేండ్లకు. ఈ నడుమ ఏ దావాయు లేదు. 'చెల్లింతును' అను ఆ ఒక్క మాటయు, తేదికై విడిచిన ఆ ఖాళీయు ఎందులకో ఇప్పుడు పాఠకురాండ్రకు బోధపడినది కదా!

కాలదోషము పట్టిన అప్పు లేనిదే యగునా? కాదు. కోర్టు తలుపు మాత్రమే మూయబడును. బ్యాంకువారు మర్యాదగ అడుగవచ్చును; పరపతి వివరములు దాచు సంస్థల పట్టికలో ఆ బాకీ కనబడుచుండవచ్చును. ఇంకొక హెచ్చరిక: ఈ మూడేండ్ల లెక్క తాకట్టులేని అప్పులకు మాత్రమే. బంగారము కుదువబెట్టినవారు మూడేండ్లు నిండినవని నగ తిరిగివచ్చునని ఆశింపరాదు. ఇల్లు తనఖా పెట్టి తెచ్చిన అప్పునకు గడువు 12 ఏండ్లు. కోర్టు ఒకసారి డిక్రీ ఇచ్చినచో దానిని అమలు జరుపుటకును 12 ఏండ్ల గడువు కలదు.

భర్త చేసిన అప్పునకు భార్య బాధ్యురాలా? ఈ ప్రశ్న క్రొత్తది కాదు. మా తండ్రిగారు ఇంట మాకు సంస్కృతము చెప్పు దినములలో యాజ్ఞవల్క్యస్మృతి వ్యవహారాధ్యాయమును చదివించిరి. తాను చెల్లింతునని ఒప్పుకొన్న అప్పు, భర్తతో కలిసి చేసిన అప్పు, తానే చేసిన అప్పు – ఈ మూడింటికి తప్ప మఱిదేనికిని స్త్రీ బాధ్యురాలు కాదని అందు కలదు. ఆ స్మృతికి వ్యాఖ్యయగు మితాక్షరి ననుసరించి మూలఘటిక కేతన పదుమూడవ శతాబ్దమున విజ్ఞానేశ్వరీయమును తెనిగించెను గనుక, ఈ విచారము తెలుగువారికి ఏడువందల యేండ్లనాటిది. నేటి చట్టమును ఇంచుమించు ఇదే త్రోవ నడచుచున్నది. భర్త విడిచిన ఆస్తి భార్యకు ఎంత సంక్రమించెనో అంతవఱకే ఋణదాత ఆ ఆస్తినుండి రాబట్టుకొనవచ్చును. ఆమె స్వార్జితమునకు గాని, పుట్టింటివారిచ్చిన దానికి గాని రాజాలడు. ఆమె అప్పుపత్రముపై తానును సంతకము చేసియున్నను, జామీను నిలిచియున్నను మాట వేఱు. కార్డుతో భార్యకు అనుబంధముగ ఇచ్చు రెండవ కార్డుపై ఖర్చైన దానికి సయితము అసలు కార్డుదారుడే బాధ్యుడని రిజర్వుబ్యాంకు నియమము.

ఋణదాత డిక్రీ పొందినను చేయరానివి కొన్ని కలవు. 1908 నాటి సివిలు ప్రొసీజరు కోడును వ్రాసినవారు వంటయింటిని మఱువలేదని చెప్పవచ్చును. వంటపాత్రలు, పడకలు, కట్టుబట్టలు, మతాచారమునుబట్టి స్త్రీ తన మేనినుండి తీయరాని ఆభరణములు జప్తు చేయరాదని అందలి 60వ సెక్షను చెప్పుచున్నది. కావున మంగళసూత్రముపై ఎవరును చేయి వేయజాలరు. సేద్యగాని పనిముట్లు, బ్రతుకుదెరువునకు వలసిన పశువులు, విత్తనపు గింజలు, పనివాని సామగ్రి, భవిష్యనిధి సొమ్ము సయితము జప్తునకు వెలియైనవే. సొమ్ము డిక్రీకై స్త్రీని ఖైదు చేయరాదని 56వ సెక్షను స్పష్టముగ చెప్పుచున్నది. పురుషుని సయితము ఇచ్చు శక్తి యుండి మోసబుద్ధితో ఎగవేసిననే గాని, పేదతనమువలన ఇయ్యలేనంతమాత్రమున చెఱ పెట్టరాదని 1980లో సుప్రీముకోర్టు నిర్ణయించెను. కావున కార్డు బాకీ యుండుటయే నేరమైనట్లు పోలీసులు వత్తురనుట ఒట్టి బెదరింపు. ఇక మా కొండభూముల మాట. 1959 నాటి భూబదలాయింపు నిబంధనయు, 1970లో దానికి జరిగిన సవరణయు ఉన్నవి గనుక, షెడ్యూల్డు ప్రాంతములోని భూమి ఏ అప్పునకై యైనను గిరిజనేతరుని పాలు కాజాలదు.

అడుగుటకును వేళామర్యాదలు కలవు. ఉదయము 8 గంటలకు ముందును రాత్రి 7 గంటల తరువాతను వసూలుదారులు ఫోను చేయరాదని రిజర్వుబ్యాంకు 2022 ఆగస్టులో శాసించెను. తిట్టుట, బెదరించుట, నలుగురిలో అవమానించుట, బంధుమిత్రుల ఇండ్లపైబడి వారిని కలతపెట్టుట – ఇవన్నియు నిషిద్ధములు. వచ్చినవాని కడ గుర్తింపు చీటియు బ్యాంకు అధికారపత్రమును ఉండవలెను. ఈ మర్యాద తప్పినచో మొదట బ్యాంకునకే వ్రాతమూలముగ ఫిర్యాదు పంపవలెను. 30 దినములలో తగిన సమాధానము రానిచో రిజర్వుబ్యాంకు అంబుడ్స్‌మనునకు వ్రాసికొనవచ్చును. దానికి రుసుము లేదు. ప్రాణభయము, మానభయము కలిగించినచో అది పోలీసులకు చెప్పవలసిన నేరమే.

ఇంత చెప్పినందున కాగితములను చించి పొయ్యిలో వేయవచ్చునని ఎవరును భావింపకుందురు గాక! వసూలుదారుని కాగితము వేఱు, కోర్టు సమను వేఱు. సమను వచ్చినపుడు దానిని తిప్పిపంపుట, తలుపు వేసికొనుట తెలివితక్కువ. రంపసీమవారిని ముంచినవి ప్రతివాది లేక పొందిన డిక్రీలే కదా! గడువు దాటిన దావాయైనను మన తేదీలు, మన రసీదులు న్యాయాధిపతి కన్నులబడవలెనన్నచో మనము పోవలెను. మధ్యవర్తి పేరున వచ్చు నోటీసునకును తప్పక జవాబు పంపవలెను. లోక్ అదాలతులో రాజీకి ఒప్పి సంతకము చేసినచో అది డిక్రీతో సమానము. దానిపై అప్పీలు లేదు. కావున అచటను అంకెలు బాగుగ చూచికొనియే సంతకము చేయవలెను. వకీలునకు సొమ్ము లేదని చింతింప బనిలేదు. 1987 నాటి న్యాయసేవల చట్టమునుబట్టి స్త్రీలకెల్లరకును, షెడ్యూల్డు తెగలవారి కెల్లరకును, ఆదాయ మెంత యున్నను, ఉచితముగ వకీలు సాయము లభించును. 15100 అను సంఖ్యకు ఫోను చేసినచో త్రోవ చెప్పుదురు.

ఇక మా పొరుగామె కథ. న్యాయసేవల వకీలు ఆమె కాగితములు చూచి, ఈ బాకీకి కాలదోషము పట్టినదనియు, ఆమె ఏ సంతకమును చేయనక్కఱలేదనియు చెప్పెను. మేము సంతోషించితిమి. ఆమె ముఖమున మాత్రము సంతోషము కనబడలేదు. రెండు దినములు గడచిన పిమ్మట మా వంటయింటి గడపపై కూర్చుండి, "మేష్టారమ్మగారూ, ఆయన ఋణముతో పోయినారన్న మాట నాకు మిగిలిపోవును గదా!" అని కంట తడిపెట్టెను.

మాకు వెంటనే జవాబు తోచలేదు. యక్షుడు అడిగిన ప్రశ్నకు ధర్మరాజు అప్పు లేక తన ఇంట ఆకుకూర వండుకొని తినువాడే సుఖి యని చెప్పినది ఎన్నిమారులు చదివితిమో! చట్టము ఆమెను విడిచినది, మనస్సు విడువలేదు. భయమునకు లొంగి ఇచ్చుట వేఱు, ధర్మమని తలచి ఇచ్చుట వేఱు. ఆ భేదము కాపాడుటయే ఆమెకు మేము చేయదగిన సాయమని మావారనిరి.

అంతట వకీలు సలహాతో బ్యాంకునకు ఒక లేఖ వ్రాయబడెను. అందు బాకీని ఒప్పుకొనుట గాని చెల్లింతుననుట గాని లేదు. కార్డుదారుడు గతించెననియు, మొదటినుండి లెక్క పంపవలెననియు, ఇకమీదట ఇంటికి మనుష్యులను పంపక జాబు మూలముననే వ్యవహరింపవలెననియు మాత్రమే కలదు. లెక్క వచ్చెను. ఆయన నిజముగ వాడుకొని తీర్పక మిగిల్చినది నలుబదియాఱు వేలు. అన్నియు మందులకును వైద్యశాలకును అయినవే. తక్కినదంతయు వడ్డీయు రుసుములును.

ఆ అంకె చూచి ఆమె మనస్సు కుదుటబడెను. అసలు తీర్చెదను, వడ్డీ నాది కాదనెను. పెక్కు ఉత్తరములు నడచిన పిమ్మట బ్యాంకువారు నలుబదియాఱు వేలకు పూర్తి పరిష్కారముగ అంగీకరించి, తరువాత ఏమియు అడుగబోమని తమ ముద్రతో వ్రాసి పంపిరి. ఆ లేఖ చేతికి వచ్చిన తరువాతనే, కాఫీగింజలు అమ్మగా వచ్చిన పైకమునుండి ఒక్కమారే, మనిషి చేతికి గాక బ్యాంకు ఖాతాకే చెల్లించి ఆమె రసీదు తెచ్చుకొనెను. ఏ వాగ్దానపత్రముపైనను సంతకము చేయలేదు. రసీదును అత్తకు చూపగా, ముసలమ్మ దానిని ముందు వెనుక త్రిప్పి, "ఇందులో ఎవరి ఏలిముద్దరా లేదు కదా?" అని అడిగి, లేదని విని, పసుపుకుంకుమల పెట్టెలో దాచెను.

ఆమె చేసినట్లు అందఱును చేయవలెనని మేము చెప్పము. పిల్లల కూటికి లేనిచోట ఆ సొమ్మును పిల్లలకే పెట్టుకొనుటయు ధర్మమే. దానికి చట్టమును సమ్మతించినది. కాని ఏది చేసినను తెలిసి చేయవలెను. మన ఇంట కార్డు లున్నచో ఎన్ని యున్నవి, ఎంత బాకీ, కడసారి కట్టిన తేది యేది – ఇవి భర్తకు మాత్రమే తెలిసియుండరాదు. పాలలెక్క, చాకలిలెక్క వ్రాసికొను పుస్తకములోనే ఒక పుట దీనికి కేటాయింపుడు. రసీదులు పారవేయకుడు. మనకు రాని భాషలో అచ్చువేసిన కాగితము ఎంత చిన్నదైనను, తెచ్చినవాడు ఎంత మెత్తనివాడైనను, చదివించుకొని అర్థము తెలిసికొనువఱకు కలము ముట్టకుడు. రేపు రమ్మనుటకు మనకు హక్కు కలదు.

ఒకనాడు వ్రేలిముద్ర వేసిన తండ్రి కూతురు, అక్షరము రానిదయ్యు, చదివిన కోడలి చేయి పట్టి ఆపగలిగెను. చదువుకొన్న మనము మన ఆడుబిడ్డల చేయి, కోడండ్ర చేయి, ఇరుగుపొరుగు తల్లుల చేయి అట్లే సమయమునకు పట్టగలిగితిమేని, మన చదువు ఇంటికి అక్కఱకు వచ్చినట్లే.